కొట్టుగది కింది చెమ్మ: ప్రాజెక్టు డైరీ

జనవరి 19

అమ్మ వీణ మీద కప్పిన గుడ్డ ఈ రోజు తీశాను. కుండ మీద అరచేయంత మేర బూడిదరంగు బూజు. దండి అడుగున చెయ్యి పెడితే చల్లగా, తడిగా తగిలింది. తీగల కింది మెట్లను పట్టి ఉంచే మైనం రెండు చోట్ల ఊడింది. బొబ్బిలి వీణ అది, ఒకే పనస దుంగను తొలిచి చేసిన ఏకాండి వీణ. అమ్మ పెళ్లికి ముందు నుంచి ఆమె దగ్గర ఉంది. అక్టోబరులో ముందుగది కప్పు మీద పెంకు మార్పించినప్పుడు దాన్ని కొట్టుగదిలో పెట్టింది నేనే. ఇంట్లో అన్నిటికన్నా ఎత్తయిన నేల అదే, పైగా చెక్క నేల, అక్కడైతే చెమ్మ తగలదనుకున్నాను.

అమ్మ ఏమీ అనలేదు. మెత్తటి గుడ్డతో కుండ తుడుస్తూ కూర్చుంది. కాసేపటికి, "మీ తాతగారి రోజుల్లో ఆ గదిలో వడ్లు పోస్తే వేసవి దాకా గలగలలాడేవి" అంది. ఆ మాట నన్ను వదలడం లేదు. అదే గది, అవే పలకలు. అప్పుడు లేని చెమ్మ ఇప్పుడు ఎక్కడి నుంచి వచ్చింది?

మా ఊరు చీపురుపల్లి నుంచి రాజాం వెళ్లే దారిలో ఉంది. ఇల్లు తాతయ్య కట్టించినది: గానుగ సున్నంతో రాతి గోడలు, పెంకు కప్పు. కొట్టుగది పొడవు 12 అడుగులు, వెడల్పు 10. నేల అంతా టేకు పలకలు, వాటి కింద మద్ది దూలాలు, దూలాల కింద రెండు వరుసల్లో ఆరు రాతి దిమ్మెలు. పలకలకూ మట్టికీ మధ్య రెండడుగుల డొల్ల. ధాన్యంలో తేమ 14 శాతం దాటితే నిల్వలో బూజు పడుతుంది, ముక్కిపోతుంది. మట్టి మీద నేరుగా పోస్తే ఆ తేమ కింది నుంచే ఎక్కుతుంది. అందుకే ధాన్యాన్ని నేలకు తగలకుండా ఎత్తున నిలబెట్టారు. వడ్లు ఇప్పుడు కళ్లం నుంచే అమ్మకానికి వెళ్లిపోతున్నాయి. గది ఖాళీగా ఉంది. దాన్ని వీణకూ నాన్న పుస్తకాలకూ తగిన పొడి గదిగా మార్చాలి. వానలు మొదలయ్యేలోపు పూర్తి చేయాలి.

ఫిబ్రవరి 2

వడ్రంగి వచ్చి తలుపు పక్కన మూడు పలకలు ఎత్తాడు. ఎత్తే ముందు ప్రతి పలక మీదా సుద్దతో నంబరు రాశాం, ఒకటి నుంచి ఇరవై వరకు. పాత పలకలు ఒక్కొక్కటీ ఒక్కో తీరున అరిగి ఉంటాయి. చోటు మారితే మళ్లీ కూర్చోవు.

దిగే ముందు పొడవాటి వెదురుకర్రతో మూలమూలా తట్టించాం. ఇక్కడ తాచు, కట్లపాము రెండూ తిరుగుతాయి. మోచేతుల దాకా రబ్బరు తొడుగులు, ముక్కుకు మాస్కు, తలకు బ్యాటరీ దీపం. ఇంటి కరెంటు తీగ ఆ చెమ్మలోకి లాగనివ్వలేదు. ఒకరు లోపల ఉంటే ఒకరు పైన ఉండాలన్నది నియమం. ఈ మూడు నెలల పనిలో ఆ నియమం ఒక్కసారి కూడా తప్పకూడదు.

లోపల పాకుతూ తప్ప కదలలేం. అమెరికాలో చాలా ఇళ్ల కింద ఇలాంటి ఖాళీ ఉంటుంది. పాకుతూ వెళ్లే చోటు కనుక దాన్ని వాళ్లు క్రాల్ స్పేస్ అంటారు. దాని మట్టి మీద ప్లాస్టిక్ షీటు పరిచి చెమ్మ ఆపడం అక్కడ మామూలు పని. నేను చదివినదంతా వాళ్ల ఇళ్ల గురించే. మన ఎండకూ మన వానకూ అందులో ఎంత పనికొస్తుందో కొలిచి చూడాలి.

కనిపించినవి: ముక్కిన ఊక, చివికిన గోనెపట్టాలు, పెంకుముక్కలు, పందికొక్కుల బొరియలు. రెండు దిమ్మెల మీద చెదల మట్టి దారులు. పలకల అడుగున తెల్లటి బూజు. ఉత్తరపు గోడ అడుగున ఉప్పు పూసి సున్నం రాలుతోంది. మట్టి పైన పొడిగానే ఉంది. పలుగుతో జానెడు లోతు తవ్వితే పిడికిట్లో ముద్ద కట్టింది.

చెక్కలో తేమ కొలిచే మీటరు కొన్నాను. రెండు సూదులు గుచ్చితే శాతం చూపిస్తుంది. దక్షిణం వైపు దూలాలు 19, మధ్యవి 22, ఉత్తరం గోడ పక్కది 26. చెక్కలో తేమ 20 శాతం లోపు ఉంటే పుచ్చు పట్టదు. 28, 30 దగ్గరకు వెళ్తే కుళ్లబెట్టే శిలీంధ్రం పని మొదలుపెడుతుంది. ఇది ఫిబ్రవరి. నాలుగు వారాలుగా చినుకు లేదు. మరి ఆశ్వయుజంలో ఎంత ఉండి ఉంటుందో!

ఫిబ్రవరి 4

చెమ్మ మట్టి నుంచి వస్తోందా, గాలి నుంచి వస్తోందా అని తేల్చుకోవడానికి మూరెడు చదరపు ప్లాస్టిక్ ముక్కలు రెండు మట్టి మీద పరిచి, అంచులను తడి మట్టితో మూసి, ఒక రోజంతా వదిలేశాం. ఇవాళ చూస్తే రెండింటికీ పైభాగం పొడి. అడుగున చెమట పట్టినట్టు బొట్లు. ఉత్తరం వైపు ముక్క ఎత్తితే నీళ్లు జారాయి. పైన బొట్లు ఉంటే గాలిలోని ఆవిరి అనుకోవాలి. అడుగున ఉన్నాయి కనుక అది నేల నుంచి లేచే నీరు. మా తొమ్మిదో తరగతి పిల్లలకు ఈ ప్రయోగం చూపించాలి. బడి వెనక మట్టిలో కూడా చేయవచ్చు.

ఫిబ్రవరి 9

అమ్మను అరుగు మీద కూర్చోబెట్టి పాత ఇల్లు ఎలా ఉండేదో అడిగాను. రెండు సంగతులు తెలిశాయి. ఈ పని దిశ మొత్తం వాటితోనే మారింది.

మొదటిది వీధి. నా చిన్నప్పుడు వీధిలోంచి అరుగు ఎక్కడానికి నాలుగు మెట్లు ఉండేవి. ఇప్పుడు ఒకటిన్నర. మట్టి రోడ్డు మీద కంకర, దాని మీద సిమెంటు, మళ్లీ దాని మీద సిమెంటు. వేసిన ప్రతిసారీ వీధి ఎత్తు పెరిగింది, ఇల్లు పల్లంలో పడింది. ఒకప్పుడు ఇంటి నుంచి వీధిలోకి పారిన నీరు ఇప్పుడు వీధి నుంచి ఉత్తరపు గోడ కిందికి పారుతోంది.

రెండోది గాలి కన్నాలు. డొల్లలోకి గాలి ఆడటానికి గోడ అడుగున నాలుగు కన్నాలు ఉండేవట. ఇప్పుడు ఒక్కటీ లేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చిన రాత్రి పెరట్లో మోకాలి లోతు నీళ్లు నిలిచాయి. నీళ్లు తగ్గాక ఆ కన్నాల్లోంచి ఒక పాము ఇంట్లోకి వచ్చింది. మా అన్నయ్య కూతురు అప్పుడు పాకే పిల్ల. నాన్న నెల తిరిగేసరికి నాలుగు కన్నాలూ సిమెంటుతో మూయించారు. గోడ అడుగున మూడడుగుల ఎత్తు వరకు సిమెంటు పూత కూడా వేయించారు. అప్పుడు అందరికీ నిశ్చింతగా అనిపించింది. నాకు కూడా.

సున్నపు గోడ చెమ్మను పీల్చినా బయటికి వదిలేస్తుంది. సిమెంటు పూత వేశాక అది వదలలేక పైకి పాకింది. డొల్లలో పుట్టిన ఆవిరికి పోయే దారి లేక పలకలకు పట్టింది. నాన్న పిల్లను కాపాడుకున్నారు. ఆయన చేసినది తప్పని నేను అనను. పామును ఆపుతూనే గాలిని వదిలే ఉపాయం ఆ రోజు ఎవరికీ తట్టలేదు, అంతే.

ఫిబ్రవరి 16

తాపీ మేస్త్రీ గారు వచ్చారు. కన్నాలు తెరవాలన్నాను. ఉలితో సిమెంటు అంచు తీస్తూ ఆగి నన్ను పిలిచారు. దక్షిణపు కన్నం మూసిన సిమెంటు మీద తడిగా ఉన్నప్పుడు మేకుతో గీసిన అంకెలు: 12-11-14. నాన్న చేతిరాత. ఒకటి అంకెకు పైన చిన్న కొక్కెం పెట్టడం ఆయనకు అలవాటు.

"పగలకుండా తీయగలరా?" అని అడిగాను.

"చూస్తానమ్మా" అని గంటన్నర కష్టపడి, ఆ బిళ్లను ముక్క చెక్కు చెదరకుండా ఊడదీశారు. అరుగు మీద పెట్టాం.

ఒక్కో కన్నం 8 అంగుళాల వెడల్పు, 6 అంగుళాల ఎత్తు. నాలుగూ కలిపి 192 చదరపు అంగుళాలు, అంటే ఒకటింబావు చదరపు అడుగుకు కాస్త ఎక్కువ. అమెరికా ఇళ్ల నిర్మాణ నియమావళి ప్రకారం 150 చదరపు అడుగుల నేలకు ఒక చదరపు అడుగు గాలి దారి కావాలి. మా గదికి లెక్క కడితే 0.8 చదరపు అడుగు. ఏ నియమావళీ చూడని తాతయ్య మేస్త్రీ అంతకన్నా ఎక్కువే వదిలాడు, అదీ ఎదురెదురు గోడల్లో, గాలి ఒక వైపు నుంచి దూరి రెండో వైపు నుంచి పోయేలా. నాలుగింటికీ సన్న కంతల స్టీలు జాలీ బిగించాం. పాములు రావు, పందికొక్కులు రావు.

మేస్త్రీ గారి సందేహం: "కన్నాలు తెరిచాక ఇంకా షీటు ఎందుకు టీచరమ్మా? గాలే ఆరబెడుతుంది కదా."

చాలా సరైన ప్రశ్న. మాఘంలో ఆరబెడుతుంది. శ్రావణంలో కాదు. మన సముద్రపు గాలి వానాకాలంలో తనే నీళ్లు నింపుకుని వస్తుంది. 32 డిగ్రీల వేడిలో 80 శాతం తేమ ఉన్న గాలి 28 డిగ్రీలకు చల్లబడితే చాలు, నీటి బొట్లు కడతాయి. అలాంటి గాలి మట్టి వదిలే ఆవిరిని అదనంగా మోసుకుపోలేదు. కనుక కన్నాలు గాలి కోసం, షీటు మట్టి కోసం. ఒకటి ఉంటే రెండోది అక్కర్లేదని కాదు. అన్ని కన్నాలూ మూసేసి, లోపల తేమ పీల్చే యంత్రం నడిపే పద్ధతి కూడా ఉంది. కరెంటు పోతే ఆ యంత్రం ఆగుతుంది, ఇక్కడ కరెంటు పోయేది తుఫాను రోజునే. అందుకని దాని జోలికి పోలేదు.

మార్చి 2

షీటు ముందు పరిచేయాలని నాకు ఆత్రంగా ఉంది. కానీ గోడ కిందికి నీళ్లు పారుతుండగా పైన షీటు వేస్తే, ఆ నీటిని అడుగున దాచిపెట్టడమే అవుతుంది. అందుకని ఈ నెలంతా ఇంటి బయట పని.

ఇంటి ఉత్తరపు చూరు నుంచి ఎంత నీరు పడుతుందో లెక్క కట్టాను. ఆ వైపు కప్పు 30 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు: 360 చదరపు అడుగులు. ఒక్క సెంటీమీటరు వాన పడితే 330 లీటర్లకు పైగా. అయిదు సెంటీమీటర్లు పడితే 1,600 లీటర్లు దాటుతుంది. అదంతా గోడ మొదట్లో గాడి కట్టి పడుతోంది. ఇన్నేళ్లూ ఆ గాడిని చూస్తూ నేను తులసి కోట దగ్గర ముగ్గు వేసుకున్నాను.

ఆరంగుళాల ప్లాస్టిక్ గొట్టాన్ని నిలువునా రెండు బద్దలుగా కోసి, ఇనుప కొక్కేలతో చూరు కింద తగిలించాం. నీరు పడమటి మూలలో దిగి, అక్కడి నుంచి పెరటి కొబ్బరి చెట్ల పాదుల్లోకి పోతుంది.

మార్చి 12

మేస్త్రీ గారి మేనకోడలి పెళ్లి. పని లేదు.

మార్చి 23

వీధిని తగ్గించడం మన చేతిలో లేదు. గోడకూ రోడ్డుకూ మధ్య మాకున్నది నాలుగడుగుల చోటు. ఇంటి నుంచి పదడుగులకు ఆరంగుళాల వాలు ఉండాలంటారు. నాలుగడుగులకు అది రెండున్నర అంగుళాలు. అంత వాలుతో గోడ దగ్గర మట్టి పోసి దిమ్మిస కొట్టించి, రోడ్డు అంచున తొమ్మిది అంగుళాల వెడల్పున కాలువ కట్టించాం. గోడ వైపు నుంచి వచ్చే నీరు, వీధి నుంచి వచ్చే నీరు రెండూ అందులో కలిసి పల్లం వైపు పోతాయి. వాలు సరిచూడటానికి మేస్త్రీ గారు నీళ్లు నింపిన సన్నటి గొట్టం వాడారు. నీటిమట్టం అబద్ధమాడదని ఆయన మాట.

గోడ అడుగున సిమెంటు పూత కొట్టించి, సున్నపు పూత వేయించాం. సిమెంటు ఊడినచోట రాయి నల్లగా తడిసి ఉంది. వారం రోజుల్లో ఆ నలుపు చాలావరకు తెల్లబడింది. నా కళ్ల ముందే గోడ ఆరింది.

ఉత్తరపు దూలం ఇవాళ 23. షీటు ఇంకా వేయనే లేదు.

ఏప్రిల్ 5

డొల్ల శుభ్రం చేశాం. ఊక, గోనె, చెక్కపేళ్లు ఒక్కటి మిగలకుండా తీయించాను. షీటు కింద ఏ కర్రముక్క మిగిలినా అది చెదలకు వండి పెట్టిన భోజనం. మొత్తం 46 తట్టల చెత్త. అందులో ఒక ఇత్తడి తవ్వ దొరికింది. అమ్మ చూడగానే గుర్తుపట్టింది. ధాన్యం కొలిచేటప్పుడు పలకల సందులోంచి జారిందట, దానికోసం నానమ్మ ఒక రోజంతా ఇల్లు గాలించిందట. అమ్మ దాన్ని చింతపండుతో తోమి దేవుడి గూట్లో పెట్టింది.

ఏప్రిల్ 8

చెదలమందు కొట్టేవాళ్లు వచ్చారు. దిమ్మెల చుట్టూ, గోడ మొదట్లో మట్టిలోకి మందు ఎక్కించారు. షీటు పరిచాక ఈ అవకాశం ఉండదు కనుక ఇప్పుడే చేయించాలి. నాలుగు రోజులు ఆ గదిలోకి ఎవరినీ వెళ్లనివ్వలేదు. పెరటి బావి ఈ గదికి దూరంగా, రెండో చివర ఉందని ముందే చూపించి నిర్ధారించుకున్నాను.

దిమ్మెల గురించి ఒక మాట. ప్రతి దిమ్మె మీదా దానికన్నా నాలుగంగుళాలు వెడల్పయిన పల్చటి రాతిపలక పెట్టి, దాని మీద దూలం నిలబెట్టారు. పైకి ఎక్కే చెద ఆ రాతి అంచు చుట్టూ తిరిగి రావాలి, అక్కడ దాని మట్టి దారి స్పష్టంగా కనపడిపోతుంది. మేము చూసిన రెండు దారులూ ఆ అంచు దగ్గరే ఆగి ఉన్నాయి. దూలాలకు చెద పట్టలేదు.

ఏప్రిల్ 13

షీటు. విజయనగరం గంటస్తంభం వైపు బజారులో ఒక దుకాణంలో 250 మైక్రాన్ల, అంటే పావు మిల్లీమీటరు మందం నల్ల పాలిథీన్ అడిగాను. వాళ్లు గేజిలో మాట్లాడతారు. నాలుగు గేజిలు దాదాపు ఒక మైక్రాను, కనుక నాకు కావలసింది 1000 గేజి. "అదేనండి ఇది" అని ఇచ్చారు. ఇంటికి తెచ్చాక చేతికి పల్చగా అనిపించింది. బడి ప్రయోగశాల నుంచి మందం కొలిచే స్క్రూ గేజి తెచ్చి, పది మడతలు వేసి కొలిచాను. 1.6 మిల్లీమీటర్లు. అంటే మడతకు 160 మైక్రాన్లు. ఒక మూల పట్టి లాగితే సాగి చిరిగింది, పాత ప్లాస్టిక్ కరిగించిన వాసన కూడా వచ్చింది. అమెరికా నియమం ప్రకారం కనీసం 150 మైక్రాన్లు ఉంటే చాలు. కానీ దీని మీద మనుషులు మోకాళ్లతో పాకాలి. వెనక్కి ఇచ్చేశాను. చేపల చెరువుల షీట్లు అమ్మే మరో దుకాణంలో దొరికింది. పది మడతలకు 2.5 మిల్లీమీటర్లు, వాసన లేదు. ఈసారి కొలిచాకే డబ్బు ఇచ్చాను. ఎవరైనా ఈ పని చేస్తే అంకె చూసి కాదు, కొలిచి కొనండి.

ఏప్రిల్ 19, 20

ఎండకు పదింటికల్లా డొల్లలో ఊపిరి ఆడదు. తెల్లవారుజామున అయిదింటికి మొదలుపెట్టి పదింటికి ఆపాం.

వడ్రంగి ఎనిమిది పలకలు తీశాడు. మట్టిని చదును చేసి, గులకరాళ్లు ఏరి, రెండంగుళాల మందాన సన్న ఇసుక పరిచాం. ఇరవై ఘనపుటడుగుల ఇసుక, తట్ట తట్టగా. షీటుకు అడుగు నుంచి రాయి గుచ్చుకోకూడదు. ఇసుకను ఈశాన్య మూల వైపు కొద్దిగా వాలుగా సర్దాం. ఎప్పుడైనా పైన నీరు పడితే ఒక్కచోటికి చేరాలి, చేతికి అందాలి.

దిమ్మెలే చిక్కు. ఒకే పెద్ద షీటు అయితే ఆరు దిమ్మెలకు ఆరు రంధ్రాలు కోసి పైనుంచి తొడగాలి. దూలాలు ఉన్నాయి, తొడగలేం. రెండు రాత్రులు కాగితం మీద గీసుకున్నాక తేలిక దారి కనపడింది. దిమ్మెలు రెండు వరుసల్లో ఉన్నాయి. గదిని పొడవునా మూడు పట్టీలుగా చేసి, అతుకులు సరిగ్గా దిమ్మెల వరుసల మీద పడేలా వేస్తే రంధ్రాలే అక్కర్లేదు. పట్టీ అంచున దిమ్మె వచ్చినచోట ఒక చీలిక కోస్తే చాలు. ఒక్కో పట్టీ 14 అడుగుల పొడవు: గది 12, రెండు చివర్లా గోడ మీదికి ఒక్కో అడుగు. అతుకు దగ్గర ఒకదాని మీద ఒకటి అడుగు వెడల్పున కప్పాం. ఆరంగుళాలు చాలంటారు, కానీ చీలికలు అక్కడే ఉన్నాయి కనుక రెట్టింపు వదిలాను.

అతుకుల మధ్య బ్యూటైల్ టేపు (జిగురు రబ్బరు టేపు) పెట్టి, అప్పడాల కర్రతో దొర్లించి నొక్కాం. అమ్మ తన కర్రే ఇచ్చింది. ఇక ఇది వంటింట్లోకి తిరిగి రాకూడదని కూడా చెప్పింది. దిమ్మెలను తీగ బ్రష్షుతో రుద్ది, ఆరాక, ఒక్కోదానికి విడిగా అడుగు ఎత్తు షీటు ముక్క చుట్టి, కింది అంచును పెద్ద షీటుకు అతికించాం.

గోడల దగ్గర మాత్రం మొదటి రోజు పని వృథా అయింది. సున్నపు పూతకు టేపు అంటుకోదు. పొద్దున అంటించినది మర్నాడు తెల్లారేసరికి సున్నపు పొడితో సహా ఊడి వేలాడుతోంది. రెండో రోజు అల్యూమినియం పట్టీ పెట్టి, అడుగుకో మర చొప్పున బిగించాం. చెక్క బద్దలు పెడదామని వడ్రంగి అన్నాడు. గోడ నుంచి చెదకు నిచ్చెన వేసినట్టు అవుతుందని వద్దన్నాను. షీటు పైన దూలం వరకు ఇంకో అడుగు గోడను ఖాళీగా వదిలాం. చెద మళ్లీ వస్తే ఆ ఖాళీలో మట్టి దారి కనపడాలి. మొత్తం గోడంతా కప్పేస్తే చూడటానికి అందంగా ఉంటుంది కానీ, దాని వెనక ఏం జరుగుతుందో తెలియదు.

మే 4

ఉత్తరపు దూలం 19. మధ్యవి 17. గాలిలో తేమ: బయట 68, డొల్లలో 71. షీటుకు ముందు, ఫిబ్రవరిలో బయట 70 ఉన్న రోజున లోపల 92 ఉండేది.

మే 27

రోహిణి కార్తె. నిన్న సాయంత్రం దక్షిణపు ఈదురుగాలితో గంటసేపు కుండపోత. పొద్దున పలక ఎత్తి చూస్తే ఈశాన్య మూలలో షీటు పైన నీళ్లు! గుండె జారిపోయింది. అతుకులన్నీ తడిమాను. ఎక్కడా ఊరడం లేదు. నీళ్లు పైన ఉన్నాయి, అడుగున ఇసుక పొడిగా ఉంది. తీరా చూస్తే దక్షిణపు కన్నం అంచు పెరటి నేలతో సమానంగా ఉంది. గాలికి కొట్టిన నీరు జాలీలోంచి నేరుగా లోపలికి వచ్చింది. చెంబుతో ఎత్తిపోస్తే పదకొండు చెంబులు.

మేస్త్రీ గారు వచ్చి కన్నం చూశారు. అడుగున మూడంగుళాల గట్టు, పైన చిన్న చూరు కావాలన్నారు. గట్టుకు ఇటుక తెమ్మంటారనుకున్నాను. ఆయన అరుగు మీది బిళ్ల వైపు చూశారు. "ఇది సరిగ్గా ఎనిమిదంగుళాలమ్మా. ఈ కన్నానిదే." ఆ బిళ్లను మూడంగుళాల ఎత్తుకు కోసి, అంకెలున్న వైపు బయటికి వచ్చేలా నిలబెట్టారు. గాలికి దారి ఉంది, నీటికి లేదు. అమ్మ పెరట్లోకి వెళ్లి చాలాసేపు దాని ముందు నిలబడింది.

జూలై 13

సెలవులకు వచ్చిన మేనల్లుడు ఆ గదిలో ఏసీ పెట్టిద్దామంటున్నాడు, పుస్తకాలకు మంచిదని. వాడి ఉద్దేశం మంచిదే. గదిని 24 డిగ్రీలకు చల్లబరిస్తే పలకల అడుగుభాగం కూడా చల్లబడుతుంది. కింద తిరిగేది 28 డిగ్రీల దగ్గర బొట్లు కట్టే గాలి. చల్లటి గ్లాసుకు పట్టినట్టు పలకల అడుగున చెమట పడుతుంది. ఇంత కష్టపడి కింది నుంచి ఆపిన నీటిని పైనుంచి పిలిచి తెచ్చుకోవడం అవుతుంది. ఈ గదికి పంకా చాలు. వాడికి చల్లటి మంచినీళ్ల గ్లాసు చూపించి చెప్పాను. ఒప్పుకున్నాడు.

ఆగస్టు 24

పది రోజులుగా ముసురు. బయట 88, డొల్లలో 87. ఇంతకన్నా తగ్గదు, తగ్గాలని ఆశించడం కూడా తప్పు. దూలాలు 18, 18, 20. పలకల అడుగున బూజు లేదు. చేత్తో రాస్తే గరుకుగా, పొడిగా తగిలింది.

అక్టోబరు 5

బొబ్బిలి పక్క గొల్లపల్లి నుంచి వీణ తిరిగి వచ్చింది. అక్కడి కళాకారులు మైనం తీసి, మెట్లన్నీ కొత్తగా నిలబెట్టి ఇచ్చారు. పైడితల్లమ్మ సిరిమానోత్సవానికి బంధువులు వచ్చేలోపు అమ్మకు దాన్ని శ్రుతి చేయాలని ఉంది. గదిలో గోడకు జానెడు ఎడంగా బల్ల వేసి దాని మీద పెట్టాం. నాన్న పుస్తకాలు నాలుగు బీరువాల నిండా సర్దడం సగం అయింది.

ఈ నెల కొలతలు: దక్షిణం 16, మధ్య 17, ఉత్తరం 18. వాయవ్య మూల దూలం మాత్రం 20 దగ్గరే ఆగింది. చూరు గొట్టం దిగేది ఆ మూలకు దగ్గర్లోనే. అతుకు దగ్గర బొట్టుబొట్టుగా కారుతోంది, రబ్బరు వాషరు మార్చాలి. ఆ మూల మీద ఉన్న పదిహేడో నంబరు పలకకు మేకులు కొట్టలేదు, రెండు మరలతో బిగించాం, ఎప్పుడైనా ఎత్తి చూడటానికి వీలుగా. వాషరు మార్చాక నవంబరు 2న మళ్లీ కొలుస్తాను.